మెత్తటి గొంతు ఎవరి సొత్తు?

బ్రెజిల్ గాయకుడు జొవావ్ జిల్బెర్టో 1973లో, అమెరికాలో ఉంటున్న రోజుల్లో, ఒక రికార్డు చేశాడు. దానికి వేరే పేరు లేదు. ఆయన పేరే దాని పేరు. అభిమానులు 'తెల్ల ఆల్బం' అంటారు. అందులో ఉన్నవి ఒక గొంతు, ఒక గిటారు, సానీ కార్ వాయించిన పల్చటి తాళం. చివరి పాటలో మాత్రం మియూషా గొంతు కలుస్తుంది. మొత్తం పది పాటలు. బోసా నోవాలో ఇంత ఆంతరంగికమైన రికార్డులు తక్కువ అని విమర్శకులు మెచ్చుకున్నారు. ఆ మెప్పుతో నాకు పేచీ లేదు. ఈ ఆంతరంగికత ఎట్లా తయారయింది, ఎవరి చరిత్ర మీద తయారయింది అనేదే ప్రశ్న.

బ్రెజిల్ పాటతో మనకేం పని అని అడగొచ్చు. పని ఉంది. ఏ వాద్యం గుడిలోకి వెళ్తుంది, ఏది ఊరి బయట ఉండిపోతుంది అనే తగువు మనకు కొత్త కాదు. వీణ కళ అయింది. డప్పు మాత్రం చావుకీ చాటింపుకీ వాయించే వెట్టి అయింది. అక్కడా డోలుకి ఇట్లాంటి కథే ఉంది.

బ్రెజిల్‌లో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది 1888లో. రెండేళ్లకే, 1890 శిక్షాస్మృతి పనీపాటా లేకుండా తిరగడాన్నీ, నల్లవాళ్ల కపోయెరా విద్యనూ నేరాలు చేసింది. అంటే సంకెళ్లు తీసేసి పోలీసుని పెట్టారు. తొలితరం సాంబా కళాకారుడు జొవావ్ ద బయానా చేతిలోని పండేరోని, మన కంజిర లాంటి వాద్యాన్ని, 1908లో పోలీసులు లాక్కున్నారు. ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. సాంబా ఇట్లా దెబ్బలు తింటూ పెరిగింది. 1950ల చివర్లో రియోలోని కోపకబానా అపార్టుమెంట్లలో, ఎక్కువగా మధ్యతరగతి తెల్ల యువకుల మధ్య, అదే సాంబా గొంతు తగ్గించుకుని బోసా నోవా అయింది.

ఇప్పుడు రికార్డు దగ్గరికి వద్దాం. దాని నిర్మాత రేచల్ ఎల్కిండ్. ధ్వనిముద్రణ చేసింది వెండీ కార్లోస్. 1968లో బాఖ్ సంగీతాన్ని మూగ్ సింథసైజరు మీద వాయించి పేరు తెచ్చుకున్న మనిషి ఆమె. ఎలక్ట్రానిక్ యంత్రాలతో అంత పని చేసిన మనిషి ఇక్కడ గొంతునీ గిటారునీ చెవి పక్కనే కూర్చోబెట్టింది. మాట మొదలయ్యే ముందు ఊపిరి కూడా తెలుస్తుంది. ఈ దగ్గరితనం సహజం అనుకుంటే పొరపాటు. మైకు లేకపోతే ఈ గొంతు మూడో బెంచీకి అందదు. 1958లో రికార్డు చేసేటప్పుడే గొంతుకొక మైకు, గిటారుకొక మైకు కావాలని పట్టుబట్టినవాడు జిల్బెర్టో. మెల్లగా పాడాలంటే మంచి మైకు ఉండాలి, తలుపులు మూసిన గది ఉండాలి. కొండవాడల్లో, వీధిలో, వందమంది మధ్య పాడేవాడికి అవి లేవు. కాబట్టి గట్టిగా పాడాడు. గట్టిదనం అతని స్వభావం కాదు, అతని పరిస్థితి.

ఇక గిటారు సంగతి. బొటనవేలు కింది తీగల మీద సుర్దో అనే పెద్ద డోలు దెబ్బ వేస్తుంది. మిగతా వేళ్లు ఒక్కసారిగా లాగి తంబొరిం అనే చిన్న వాద్యం నడకను పట్టుకుంటాయి. సాంబా దళం మొత్తం ఒక చేతిలోకి వచ్చింది. జిల్బెర్టో డోలుని తీసెయ్యలేదు, గిటారులో దాచాడు. వాయిద్యబృందం లేని ఈ రికార్డులో ఆ దాచింది అందరికీ వినబడుతుంది.

ఇందులో 'ఫాల్సా బయానా' అనే పాట ఉంది. నకిలీ బయానా అని అర్థం. బయానా వేషం వేసుకుని సాంబాలోకి వచ్చి, ఒళ్లు కదపకుండా నిలబడిన ఆడమనిషిని వెక్కిరించే 1944 నాటి పాట. రాసినవాడు జెరాల్డో పెరేరా. నల్లవాడు, మంగేరా కొండవాడలో పెరిగినవాడు, రియో నగరపాలక సంస్థలో చెత్తలారీ నడిపినవాడు. 1955లో, నిండా నలభై రాకముందే చనిపోయాడు. ఊరి చెత్త మోసిన చేతులు రాసిన పాట ఇది. ఆ పాట పాడేవాడినే నిలదీస్తుంది: వేషం సరే, నీకు ఆట వచ్చా? జిల్బెర్టో బొటనవేలు వచ్చు అనే జవాబు చెప్తుంది. ఆయన 1961లోనే పెరేరా రాసిన మరో పాట రికార్డు చేశాడు. ఈ ఆల్బంలో జిల్బెర్టో జిల్ పాట కూడా పాడాడు. ఆ నల్ల కవిగాయకుణ్ణి సైనిక ప్రభుత్వం జైల్లో పెట్టి, 1969లో దేశం నుంచి పంపేసింది. ఈ ఎంపికను గౌరవించాలి.

కానీ మెచ్చుకునేవాళ్ల భాష చూడండి. బోసా నోవా సాంబాని శుద్ధి చేసిందంటారు. శుద్ధి! అంతకుముందు అది మైలపడి ఉందా? ఈ మాట మనకు బాగా తెలిసిన మాట. దీన్ని ఒప్పుకోకూడదు.

దీనికి ఎదురుగా తెల్లవాళ్లు నల్లవాళ్ల సంగీతాన్ని దొంగిలించారనే జవాబుంది. అందులో నిజముంది గానీ పూర్తి నిజం లేదు. ఆ లెక్కన డోలు నల్లవాళ్లది, గుసగుస తెల్లవాళ్లది అని మనమే పంచి ఇచ్చినట్టవుతుంది. గుసగుస కూడా వాళ్లది కాదు. ఇళ్లలో పనిచేసుకుని బతికిన తల్లి కొడుకు జానీ ఆల్ఫ్, నల్లవాడు, 1955కే ఆ మెత్తటి బాణీలో రికార్డు ఇచ్చాడు. రాత్రి క్లబ్బుల్లో ఆయన పియానో వినడానికి తర్వాత పేరొందిన వాళ్లే వచ్చేవాళ్లు. అలైజీ కోస్తా నల్లజాతి గాయని. మొదట్నుంచీ ఆ బృందంలో ఉంది, గొంతూ మెత్తనే. 1962లో న్యూయార్కు కార్నెగీ హాల్లో బోసా నోవాని ప్రపంచానికి చూపించినప్పుడు ఆ వేదిక మీద ఆమె లేదు. అదే హాల్లో పాడేసరికి 2023 వచ్చింది. ఆమెకి 87 ఏళ్లు.

ఇది మన విమర్శకూ తగులుతుంది. దళిత కవిత అంటే కేక అనీ, దళిత పాట అంటే డప్పు మోత అనీ మనమే ఒక కొలబద్ద పెట్టుకున్నాం. కేక అవసరమైంది. ఎవడూ వినకపోతే అరవక ఏం చేస్తాం? కానీ అరవడమే మన కులధర్మం అన్నట్టు తయారైతే, మెల్లగా మాట్లాడే దళితుడు మనకే అనుమానితుడవుతాడు. ప్రేమ గురించి, వాన గురించి, అమ్మ చేతి గురించి పక్కన కూర్చుని చెప్పినట్టు చెప్పే హక్కు కూడా మన పోరాటంలో భాగమే. అందుకు కావాల్సిన గదీ, మైకూ, తీరికా కూడా మనం అడగాల్సిన వాటాలోవే.

ఈ రికార్డు దొరికితే వినండి. గొంతు వెంట పోకుండా ముందు బొటనవేలు వినండి. పెరేరా అక్కడున్నాడు.