విశాఖపట్నమునకు ఇంగ్లీషున నెన్ని పేళ్లు?

ఒక యూరికి ఇంగ్లీషులో నొక్క రూపముండవలెనని కోరుట పెద్ద కోరిక కాదు. విశాఖపట్నము విషయమున నీ చిన్నకోరికయు తీరలేదు. 2021వ సంవత్సరమున నావికాదళమున జేరిన యుద్ధనౌకకు ఈ పేరు నిండుగా పెట్టబడినది. ఆ యూరి యుక్కు కర్మాగారమో, వైజాగ్ స్టీలను పేరుతో ప్రసిద్ధమైనది. ఉత్తరదేశపు వ్రాతలలో తరచుగా నడుమ నొక హెచ్ హెచ్చును. మనవారి జాబులలో తరచుగా నొక హెచ్ తగ్గును.

ఇది పనిలేని పండితుల తగవని కొందరు తలపవచ్చును. కుమార్తెను పరదేశమునకు చదువ బంపబూని పాస్‌పోర్టు కాగితములు సమకూర్చుకొను తల్లిదండ్రులట్లు తలపరు. జననపత్రమున నొకరీతిగను, బడి యిచ్చిన పత్రమున మరియొకరీతిగను ఊరిపేరున్నచో, రెండును ఒక్క యూరేయని నిరూపించు భారము గృహస్థునిది గాని గుమాస్తాది కాదు.

మూలమును చూతము. విశాఖ యను మాటలో శకారము తాలవ్యము, ఖకారము మహాప్రాణము; చిక్కంతయు ఈ రెండక్షరములయందే యున్నది. శకారమునకు ఎస్ ఒక్కటే వ్రాయుట తెలుగువారి చిరకాలపు వాడుక. శివయ్య, శేషయ్య, శ్రీకాకుళము అన్నియు నట్లే వ్రాయబడుచున్నవి. హిందీవారు అక్కడ హెచ్ గూడ జేర్తురు. ఉచ్చారణమునుబట్టి చూచిన వారి పద్ధతియే మేలని యొప్పుకొనవలసినదే. కాని ఊరిపేరు ధ్వనిశాస్త్ర పరీక్ష కాదు. ఊరివారును ప్రభుత్వమును ఏ రూపమును నిలిపిరో అదియే దాని రూపము. జిల్లా, నగరపాలక సంస్థ, ఓడరేవు, మూడును ఎస్ ఒక్కదానితోనే వ్రాసికొనుచుండ నితరులు దిద్దుట యెందుకు? ఖకారమునకు గావలసిన హెచ్‌ను విడుచుట మాత్రము నిక్కమైన తప్పు. ఎస్ ప్రక్క హెచ్ పెట్టి, కె ప్రక్క దానిని మరచువారు కూడ కలరు! అక్కరలేనిచోట దానము చేసి, అక్కరగలచోట లోభించినట్లున్నది.

ఇక దొరలు వ్రాసిన వైజాగపటాము. కార్మైకేలు దొర 1869లో వెలువరించిన జిల్లా మాన్యువలునందును, ఫ్రాన్సిసు దొర 1907లో ప్రకటించిన గెజెటీరునందును ఈ రూపమే కనబడును. పట్నము పటామగుట మసూలిపటాము మొదలగువానియందు మన మెరిగినదే. ఖకారము గకారమెట్లయ్యెను? మాకు తోచునది చెప్పుదుము. తమిళులు ఈ నక్షత్రమును విశాకమని వ్రాసి విసాగమని పలుకుదురు. కుంపిణీవారి పెద్దకొలువు చెన్నపట్నమున నుండెను. అచ్చటి ద్విభాషీల నోట విన్న పేరును దొర విన్నట్లే వ్రాసికొనియుండును. మా యూహ నిజమైనచో, మనము దొరలపై మోపు నేరములో గొంత మన దక్షిణపు పొరుగువారి నాలుకకు చెందును.

ఆ పొడుగు పేరును తుంచగా మిగిలినదే వైజాగు. దానిని నోటవాడవద్దని మేము చెప్పము. ఆ యూర బుట్టి పెరిగినవారే దానిని ముద్దుపేరుగా జేసికొనిరి. చేపలమ్మునామెయు, ఆటో నడుపువాడును వైజాగనియే యందురు. అయినను ఇంట బుజ్జియని పిలుచుకొను పిల్లకు బడిలో నసలు పేరే వ్రాయించుచున్నాము గదా! ఇంగ్లీషున నర్జీ గాని వ్యాసము గాని వ్రాయువారు పేరు నిండుగా వ్రాయుట మర్యాద.

దీనికెదురుగా నింకొక యతిశయము గలదు. దేశాభిమానముచే కొందరు 1907నాటి గ్రంథము పేరును గూడ నేటి రూపమునకు దిద్ది యుదాహరింతురు. పాపము, ఆ పేరుతో గ్రంథాలయమున వెదకు విద్యార్థికి ఆ పుస్తకము దొరకునా? పాత పత్రమునకు పాత పేరే సరియైన పేరు.

మా మనస్సును మిక్కిలి కలచినది వాల్తేరు సంగతి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో బుట్టి, 1930లో వాల్తేరు చేరెను. నాటినుండి ఎందరు పట్టభద్రుల పత్రములలోనో, జ్ఞాపకములలోనో ఆ పేరు నిలిచియున్నది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గము, క్రొత్త దక్షిణకోస్తా రైల్వేలో జేరు వాల్తేరు డివిజనునకు విశాఖపట్నము డివిజనని పేరు మార్చుటకు నిర్ణయించెను. మార్పునందు మాకాక్షేపణ లేదు. డివిజనునకు పెద్దయూరి పేరుండుట సబబే. చెప్పిన హేతువే వింతగా నున్నది. వాల్తేరను పేరు వలసపాలన మిగిల్చినదట, కావున మార్పవలెనట! ఇది విని పెదవాల్తేరు, చినవాల్తేరు వాసులేమనుకొనవలెను? వాల్తేరు తెలుగు గ్రామము పేరు. దొరలు చేసినదెల్ల మొదట డబ్ల్యును, చివర ఐ, ఆర్ అను నక్షరములను తగిలించి దానికి తమ వేషము వేయుటయే. టోపీ పెట్టుకొన్న తెలుగువానిని దొరయని భ్రమించి వాకిటినుండియే సాగనంపినట్లయినది.

ఎల్లూరును ఏలూరుగను, కొకనాడాను కాకినాడగను, చికాకోలును శ్రీకాకుళముగను దిద్దుకొన్నాము. అక్కడ నక్షరములను మార్చితిమే గాని, పేళ్లనే పరాయివని త్రోసివేయలేదు. వాల్తేరునకు మాత్ర మీ న్యాయమేల లేదు? దానిని ఇంగ్లీషు పలకపై మాత్రమే చదివినవారికి అది ఇంగ్లీషు పేరుగానే తోచును. తెలుగున నొక్కమారు వినిన నా భ్రమ యుండదు. 2023లో వాల్తేరు వీరయ్య యను చలనచిత్రము వచ్చెను. ఆ వీరయ్యను మన జనులలో నెవ్వరును పరదేశివాడని యనుకొనలేదు!

కావున నగరపాలక సంస్థవారికి మా మనవి యొక్కటి. పెదవాల్తేరు, చినవాల్తేరు వీధులలో క్రొత్త పలకలు వ్రాయించునపుడు, ఇంగ్లీషు వరుసలో నా పేరును డబ్ల్యుతో గాక వి యను నక్షరముతో మొదలిడి, యు అను నక్షరముతో ముగించి వ్రాయింతురు గాక.