ఎదురుగాలి ఎన్ని గంటలకు?

కోనసీమలో సైకిళ్ల మీద తిరుగుదాం రండి అంటే, మొదటిసారి వచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు: “అదెంతసేపండీ, కొండలా గుట్టలా, అంతా చదునేగా!” ఆ మాట విన్నప్పుడల్లా వాళ్లని కూర్చోబెట్టి వివరంగా చెప్పాలనిపిస్తుంది. చదును నేల మీద పదిమందిని సైకిళ్లపై తీసుకెళ్లడం కొండదారిలో తీసుకెళ్లడం కన్నా ఎక్కువ ముందుచూపు కోరే పని. కొండ ఎక్కడుందో మ్యాపులో కనిపిస్తుంది, ఎంత ఎత్తో తెలుస్తుంది. ఎక్కేటప్పుడు రొప్పినా దిగేటప్పుడు కాళ్లకి విశ్రాంతి దొరుకుతుంది. గోదావరి డెల్టాలో దిగుడనేదే లేదు. పొద్దుట సైకిలెక్కిన మనిషి మధ్యాహ్నం దాకా ఒకే తీరున కూర్చుని తొక్కుతూనే ఉండాలి. ముప్పై కిలోమీటర్లు దాటాక మొరాయించేవి కాళ్లు కావు. నడుము, అరచేతులు, మెడ. కాబట్టి పది పన్నెండు కిలోమీటర్లకోసారి దిగి నాలుగడుగులు వేసే చోట్లు ముందే చూసిపెట్టుకోవాలి. అలసట వచ్చాక ఆగితే ఆలస్యమైనట్టే.

అసలు కష్టం గాలితో. అది మ్యాపులో ఉండదు, వేళకి వస్తుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న మనిషికి 15 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి వీస్తోందనుకోండి. ఒంటికి తగిలే గాలి వేగం 33 కిలోమీటర్లు. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనక, గాలి స్తబ్ధుగా ఉన్నప్పటితో పోలిస్తే ఆ అడ్డు మూడు రెట్లు దాటిపోతుంది. అదే రోడ్డు, అదే మనిషి, అదే సైకిలు. పొద్దున గంటలో అయిపోయిన దూరం మధ్యాహ్నం గంటన్నరకి కూడా తెమలదు.

ఈ గాలికి ఒక పద్ధతుంది. ఎండెక్కే కొద్దీ నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. చలికాలం చివర్లో మన తీరంలో ఇది పదకొండు ప్రాంతంలో మొదలై, భోజనాల వేళకి బలపడి, పొద్దువాలాక తగ్గుతుంది. తెల్లవారుజామున ఇది తిరగబడి, నేల మీంచి సముద్రం వైపు సన్నగా వీస్తుంది. అంటే సముద్రం వైపు పొద్దుటే వెళ్లాలి, మధ్యాహ్నం సముద్రానికి వీపు పెట్టి రావాలి. మా ప్రయాణాలన్నిటికీ మొదట గీసే గీత ఇదే. చూడాల్సిన గుడులు, తినాల్సిన పలహారాలు, ఫొటోలు దిగాల్సిన చోట్లు అన్నీ ఆ గీత మీద ఇముడుతాయా లేదా అని తర్వాత చూస్తాం.

నాకు ఎంతో ఇష్టమైన దారి ఒకటి ఈ లెక్కకి చక్కగా కుదురుతుంది. రావులపాలెంలో మొదలై, కొత్తపేట, పి.గన్నవరం, రాజోలు, మలికిపురం మీదుగా అంతర్వేది. అక్కడ గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూసి, వెనక్కి సఖినేటిపల్లి రేవు. అక్కడ పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం. మొత్తం 80, 90 కిలోమీటర్ల మధ్య. పొద్దుట ప్రయాణమంతా దక్షిణానికి, మధ్యాహ్నం కొంచెం ఉత్తరానికి. సైకిలుకి గాలి తోడుండే రోజంటే అదే.

డెల్టాలో దూరాలు కొలిచేటప్పుడు మొదట గుర్తుపెట్టుకోవాల్సినవి ఊళ్లు కావు, ఏరు దాటే చోట్లు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. అవతలి ఒడ్డున ఉన్న గుడి గోపురం కంటికి కనిపిస్తుంది, మూడు కిలోమీటర్లు కూడా లేదనిపిస్తుంది. వంతెన ఎక్కడో ఉంటుంది. పి.గన్నవరం అక్విడక్టు, బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన, చించినాడ వంతెన, యానాం–ఎదుర్లంక వంతెన, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవు, సఖినేటిపల్లి రేవు. ఇవి ముందు మ్యాపులో చుక్కలుగా పెట్టుకుని, చుక్కల మధ్య దారి వెతకాలి. ఒక్క చుక్క తప్పితే చుట్టు తిరుగుడు మనిషిని కుంగదీస్తుంది. పంటు విషయం ఇంకా జాగ్రత్త. వరద రోజుల్లో ఆపేస్తారు, పోటు ఆటుల్ని బట్టి కూడా వేళలు మారుతుంటాయి. ముందురోజు రేవులో ఎవరినైనా ఫోన్లో అడిగి నిర్ధారించుకోకుండా నేను ఎవరినీ బయల్దేరదీయను.

గన్నవరం అక్విడక్టు దగ్గర మాత్రం ఎంత తొందరగా ఉన్నా అరగంట ఆగాల్సిందే. కింద వైనతేయ, దాని మీదుగా పంటకాలువ. ఏటికి అడ్డంగా, ఏటి మీంచి నీళ్లు నడిచి నగరం లంక పొలాలకి చేరుతున్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన పాత తొట్టి కమానులు పక్కనే నిలబడి ఉన్నాయి. 2000లో వాడుకలోకి వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841 నుంచి 1909 దాకా జీవించిన ఆ తల్లి ఇక్కడికి దగ్గర్లోని లంకల గన్నవరంలో దారిన పోయేవాళ్లకి, వేళగానివేళ వచ్చినవాళ్లకి అన్నం పెట్టింది. చిన్నపిల్లలు వెంట ఉంటే ఈ సంగతులు నేను అక్కడే చెబుతాను. సైకిలు దిగి, ఆకలేస్తున్నప్పుడు వింటే ఆవిడ చేసిన పని ఎంతటిదో వాళ్లకి బోధపడుతుంది.

మనం తొక్కే కాలువ గట్లు కూడా ఊరికే రాలేదు. 1847లో మొదలుపెట్టి 1852కి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించాక తవ్వించిన కాలువలు పొలాలకే కాదు, పడవలకీ దారులు. లాకులు కట్టింది పడవలు మట్టం మారి దాటడానికే. తాళ్లతో పడవల్ని లాగుతూ మనుషులు నడిచిన గట్ల మీద ఇవాళ సిమెంటో తారో వేసి ఉంది. వాటి మీద సైకిలు తొక్కుతుంటే ఒక పక్క నీళ్లు, మరో పక్క పొలం, మధ్యలో కొబ్బరి నీడ. ఆత్రేయపురం వైపు నుంచి వచ్చేవాళ్లు లొల్ల లాకుల దగ్గర కాసేపు కూర్చుని రావాలని నా కోరిక.

అయితే గట్టు రోడ్లన్నీ ఒక్కటి కావు. ఫోన్లో మ్యాపు ప్రతి గట్టునీ రోడ్డుగా చూపిస్తుంది. కొన్ని నిజంగా రోడ్లు, కొన్ని పుంతలు. వానపడిన మర్నాడు ఒండ్రుమట్టి టైరుకి, బ్రేకుకి, మడ్‌గార్డుకి మధ్య పేరుకుని చక్రం తిరగనివ్వదు. అందుకని ఊళ్లో వాళ్లని “రోడ్డు బాగుందా?” అని అడగడం మానేశాను. అందరూ బాగుందనే అంటారు, వాళ్లకి అలవాటైన రోడ్డు గనక. “ఇటు పాలవ్యాను వస్తుందా?” అని అడుగుతాను. పాలవ్యాను రోజూ వచ్చే దారైతే సైకిలుకి ఢోకా లేదు. బస్సు కూడా వస్తుందంటే రోడ్డు బాగుంటుంది కానీ, ఆ గట్టు మీద ఎదురొచ్చే బస్సుకి దారివ్వడానికి చోటుందో లేదో చూసుకోవాలి. చాలా చోట్ల కాలువ వైపు పిట్టగోడ ఉండదు. అలాంటి చోట ఒకరి వెనక ఒకరే వెళ్లాలి. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కడానికి వేరే రోడ్లున్నాయి.

ఏ నెలలో వెళ్లాలన్నది నా దృష్టిలో సగం ప్రణాళిక. సార్వా కోతల రోజుల్లో, నవంబరు డిసెంబరుల్లో, రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. అది రైతు ఏడాది కష్టం. దాని మీంచి చక్రం పోనివ్వకూడదు, పక్కన చోటు లేకపోతే దిగి నడవాలి. ఈ మాట బయల్దేరే ముందు అందరికీ గట్టిగా చెబుతాను. సంక్రాంతి నాలుగు రోజులూ కార్లు, జనం, జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఆ సంబరం చూడ్డానికి వెళ్లాలి గానీ గుంపుగా సైకిళ్ల మీద కాదు. మాఘంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, అప్పుడూ అంతే. మార్చి వస్తే ఉక్కపోత. తీరంలో చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, నీళ్లు ఎన్ని తాగినా నీరసం వదలదు. కొబ్బరి బొండాంతో పాటు కాస్త ఉప్పు కూడా లోపలికి వెళ్లాలి. కాబట్టి అంతర్వేది ఉత్సవం రోజులు పోను, మాకు మిగిలేది జనవరి చివరివారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. దాళ్వా నాట్లు పడి పొలాలన్నీ లేతపచ్చగా ఉంటాయి. పొద్దుటి మంచు ఒక్కటే ఇబ్బంది. కాలువ మీద అది దట్టంగా పడుతుంది. అటువంటప్పుడు ముందువాడి ఎర్రలైటు కనిపించేదాకా బయల్దేరకపోవడమే మంచిది.

చదును నేల గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. మనకి హాయినిచ్చే ఈ చదునే రైతుకి బాధ. వాన నీళ్లు పోవడానికి వాలు లేదు. మురుగుకాలువలు పూడితే చేలు మునుగుతాయి. 2011 సార్వాలో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించారంటే గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపు కూడా ఒక కారణం. గుర్రపుడెక్క కమ్మేసిన డ్రెయిను పక్కనుంచి వెళ్తున్నప్పుడు “ఎంత బాగుందో” అని ఫొటో తీసేవాళ్లకి ఆ సంగతి తెలియాలని నాకుంటుంది.

ఇక మనుషులు. గుంపు వేగం అంటే అందరికన్నా నెమ్మదిగా తొక్కే మనిషి వేగం. దీనికి ఒప్పుకోని వాళ్లని నేను పిలవను. అందరికన్నా అనుభవం ఉన్నవాళ్లు ముందుండాలనుకుంటారు. నేనైతే వాళ్లని చివర పెడతాను. ఆఖరి మనిషి వెనక ఎవరూ ఉండరు. అతను ఆగితే అందరూ ఆగాలి, పంచరైతే పంపు, ట్యూబు, లివర్లు అతని దగ్గరే ఉండాలి. ముందుండే మనిషి పని మలుపు దగ్గర ఆగి, వెనకవాళ్లు కనిపించేదాకా కదలకపోవడం. వెనక్కి చూడనివాళ్లు ఆ పనికి పనికిరారు. గోతులు, కుక్కలు, ఎదురొచ్చే లారీ ముందువాళ్లు కేక వేసి చెప్పాలి. ఆ కేక వరసగా వెనక్కి అందాలి. ఎనిమిది నుంచి పన్నెండు మంది వరకూ ఇది సాగుతుంది. అంతకు మించితే రెండు జట్లు చేయడం మేలు.

గాలి ఎదురైనప్పుడు ఈ వరస ఇంకోలా ఉపయోగపడుతుంది. ముందు తొక్కేవాళ్లు గాలిని చీలిస్తే దగ్గరగా వెనకొచ్చేవాళ్లకి శ్రమ చాలా తగ్గుతుంది. ముందువాళ్లు కాసేపటికోసారి మారుతుండాలి, కొత్తవాళ్లని ముందుకి నెట్టకూడదు. పక్కగాలైతే వాలుగా, కోణంలో సర్దుకోవాలి. కానీ మన రోడ్లకి అంత వెడల్పు లేదు, కాబట్టి నలుగురైదుగురు చొప్పున విడిపోతాం. గన్నవరం నుంచి రాజోలు దాకా కొబ్బరితోటలు గాలిని కొంత ఆపుతాయి. మలికిపురం దాటి రొయ్యల చెరువుల మధ్యకి వచ్చాక ఆపేది ఏమీ ఉండదు. బలమైనవాళ్ల సత్తా ఆ ముక్క కోసం దాచమంటాను.

టైము లెక్క చూద్దాం. జనవరి చివర్లో ఆరుంపావుకి గానీ తొక్కడానికి సరిపడా వెలుగు రాదు. చీకట్లో కాలువ గట్టు మీద పదిమందిని నడిపించడం నాకు సమ్మతం కాదు. అలవాటున్నవాళ్లు రావులపాలెంలో ఆ వేళకి బయల్దేరి, పలహారానికి గంట తీసుకున్నా పదకొండున్నరకి అంతర్వేది చేరతారు. కొత్తవాళ్లు ఎక్కువగా ఉంటే గన్నవరం దాకా వ్యానులో సైకిళ్లు తెచ్చుకుని అక్కడ మొదలుపెడతాం. దూరం తగ్గిందని మొదట్లో కొందరు నొచ్చుకుంటారు. నిజానికి తగ్గించేది దూరాన్ని కాదు, ఎదురుగాలిని. పలహారం మాత్రం తగ్గించేది లేదు. పనస ఆకుల బుట్టల్లో వండిన పొట్టిక్కలు అంబాజీపేట వైపు దొరికేచోటు తెలుసుకుని, పన్నెండుగురికి ముందురోజే చెప్పి పెట్టుకోవాలి. చిన్న హోటల్లో ఒక్కసారిగా అంతమంది వెళ్లి కూర్చుంటే వాళ్లకీ ఇబ్బంది, మనకీ గంట ఆలస్యం.

ఆడవాళ్లు వస్తున్నారంటే ప్రణాళికలో మొదటి వరసలో ఉండాల్సింది మరుగుదొడ్డి. ఇది చివర ఆలోచించే సంగతి కాదు. 216 నంబరు జాతీయ రహదారి మీద పెట్రోలు బంకులున్నాయి. గట్టు రోడ్ల మీద ఏమీ ఉండవు. రాజోలు, మలికిపురంలో ఎక్కడ ఆగాలో, ఆ చోటు శుభ్రంగా ఉందో లేదో ఒకసారి ముందే వెళ్లి చూసి రావాలి. ఆ ఒక్క ఏర్పాటు సరిగా లేక నీళ్లు తాగడం మానేసి, ఎండలో కళ్లు తిరిగిన అమ్మాయిలు నాకు తెలుసు. అలాగే కాలువ రేవుల్లో స్నానాలు చేస్తుంటారు, బట్టలుతుక్కుంటుంటారు. అక్కడ ఫోను బయటికి తీయకూడదు, ఆగి నిలబడకూడదు. ఆ ఊరు వాళ్ల ఇల్లు.

వెనక కారు రావాలా వద్దా అన్నది మాలో తేలని వాదం. నాకు వద్దనే ఉంది. సన్నటి గట్టు మీద మన కారు మన వెనకే నిలబడి బడికెళ్లే పిల్లల సైకిళ్లకి, ఎడ్లబండికి, అంబులెన్సుకి అడ్డమవుతుంది. దానికి బదులు కొత్తపేట, గన్నవరం, రాజోలు, మలికిపురంలో ఒక్కో ట్రాలీ ఆటో అతని నంబరు నా దగ్గర ఉంచుకుంటాను, ఫలానా ఆదివారం ఈ టైముకి మీ ఊరు దాటతాం అని చెప్పిపెడతాను. ఈ నాలుగు ఊళ్లలోనూ బస్సులున్నాయి. బయల్దేరే ముందు అందరి ఎదుటా ఆ నాలుగు పేర్లూ చదువుతాను. వీటిలో ఎక్కడైనా ఆగిపోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, సైకిలు నరసాపురం స్టేషనుకి చేర్చే పూచీ మాది అంటాను. తిరుగు ప్రయాణానికి సైకిళ్లు రైల్లో వేయడానికి లగేజీ బుకింగు కాగితాలు ఉంటాయి గనక, మాలో ఇద్దరు మొదటి పంటుకే దాటి అక్కడ ఆ పని చూసుకుంటారు.