ఆటలో విభీషణుడికి చోటేది?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో పుట్టిన ఆట. నలుగురు కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడుపుతారు. 1977 నాటి దాని మాన్‌స్టర్ మాన్యువల్‌లో మన రాక్షసుడికీ చోటు దక్కింది. పులి తల, ఒంటి మీద దొరల కోటు, పొగతాగే పైపు. మాయారూపాలు దాలుస్తాడు, నరమాంసం తింటాడు. స్వభావం దగ్గర మాత్రం జాతి మొత్తానికీ కలిపి ఒకటే ముద్ర: దుష్టుడు. భారతం ఎరిగినవాళ్లకు ఇది మింగుడుపడదు. తినడానికొచ్చిన హిడింబుడు, భీముణ్ణి వరించిన చెల్లెలు హిడింబి, పాండవుల కోసం ప్రాణమిచ్చిన ఆమె కొడుకు ఘటోత్కచుడు ఒకే ఇంటివాళ్లు. కల్పిత లోకంలో ఎన్ని జాతులున్నాయో లెక్కపెడితే వైవిధ్యం తేలదు. ఒక్కో జాతిలో ఎన్ని రకాల మనుషులున్నారో చూడాలి.

జాతులకైతే ఈ ఆటలో కొదవ లేదు. కానీ 2016 నాటి వోలోస్ గైడ్ అనే ఆట పుస్తకం ప్రకారం ఓర్క్ అనే జాతి పాత్ర ఎంచుకుంటే బలానికి రెండు పాయింట్లు కలిసేవి, తెలివికి రెండు తెగేవి. పుట్టుకతోనే మందబుద్ధులని నియమం రాసిపెట్టారన్నమాట. లేని ఓర్కులను ఏమంటే ఎవరికి నొప్పి అంటారు కొందరు. ఓర్కులు లేరు, నిజమే. రోమా ప్రజలు ఉన్నారు. ఇదే ఆటలోని రావెన్‌లాఫ్ట్ కథల్లో బండ్లమీద తిరుగుతూ, జోస్యాలు చెబుతూ, మోసాలు చేసే విస్తానీలు యూరప్‌లో రోమాల మీద తరతరాలుగా పడ్డ నిందల్లోంచి పుట్టినవాళ్లే. ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థే 2020లో ఆ చిత్రణను సరిదిద్దుతామని ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ పుస్తకం, జాతిని బట్టి వచ్చే పాయింట్లను ఆటగాడు కోరుకున్న సామర్థ్యానికి మార్చుకోనిచ్చింది.

అన్ని జాతుల్లోనూ మంచివాళ్లుంటే ఇక కత్తి దూసేదెవరి మీద అన్న అభ్యంతరం ఇంకొంచెం గట్టిది. విభీషణుడు ఉన్నంత మాత్రాన లంకలో యుద్ధం ఆగలేదు. పోరు ఎవరితోనో, ఎందుకో తేటపడింది. తప్పని చెప్పి కూడా అన్న పక్షానే నిలిచిన కుంభకర్ణుణ్ణి ఎదుర్కోవడం, పేరూ మనసూ లేని గుంపును నరకడం కన్నా కష్టం. ఆటకు రక్తి కట్టేది ఆ కష్టంతోనే. ఈ ఆటకే 2022లో వచ్చిన జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్ పుస్తకంలో శ్వేతజాతేతర రచయితలు తమ సంస్కృతుల ఆధారంగా 13 సాహసగాథలు రాశారు. మిమి మండల్ కథ బెంగాల్ ఛాయలున్న శంఖభూమిలో సాగుతుంది. ఆ గాథల్లోనూ గండాలకు లోటు లేదు. ఆట నడిపేవారికి ఒక్క మనవి: కొత్త జాతిని సృష్టించినప్పుడు దాని బలాబలాలు రాసే ముందు, అందులో పరస్పరం విభేదించే ఇద్దరికి పేర్లు పెట్టండి.