వేలిముద్ర, ముఖముద్ర

1930లో కోలారు బంగారు గనుల కార్మికులు 21 రోజులు పనిలోకి దిగలేదు. ఆ గొడవ కూలి కోసం కాదు. అందరి వేలిముద్రలూ తీసుకుని రిజిస్టర్లో ఎక్కిస్తామన్నందుకు. ఒక గనిలో తీసేస్తే పక్క గనిలోనూ పని పుట్టదని భయం. దొంగల దగ్గర తీసుకున్నట్టు మా దగ్గర తీసుకుంటారా అని రోషం. వాళ్లకప్పుడు యూనియన్ లేదు. అయినా గనులు ఆగాయి.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సర్కారు బడి టీచర్ల ముందుకు ముఖంతో హాజరు వేసే యాప్ వచ్చింది. ఫోను టీచరుదే, డేటా ఖర్చూ టీచరుదే. సిగ్నల్ అందని ఊళ్లో ఫోను పట్టుకుని వరండాలో తిరగాలి, ఆలస్యమైతే సెలవు పోతుందని భయం. యాప్ దించుకోవద్దని సంఘాలు చెప్పాయి. అప్పటి విద్యాశాఖ మంత్రి బొత్స సత్యనారాయణ వాళ్లతో చర్చలకు కూర్చున్నారు.

రెండు చోట్లా తగాదా ఒక్కటే: పనివాణ్ణి ముందే అనుమానించడం. చేతిలో ఉన్న బలమే వేరు. గని కార్మికుడికి సంఘం లేకపోయినా సమ్మె ఉంది. టీచరుకు సంఘాలు బోలెడు, సమ్మె హక్కు మాత్రం లేదు. పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు కార్మికుడు కాదని సుప్రీంకోర్టు 1988లో తేల్చింది. ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కే లేదని 2003లో చెప్పింది. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం సమ్మెకు దిగిన సుమారు 1.7 లక్షల మంది ఉద్యోగులను, టీచర్లతో సహా, ఒక్క దెబ్బకు తీసేసింది. టీచరుకు సమ్మె హక్కు లేకపోవడం అన్యాయమనే నా అభిప్రాయం.

అయితే గనినీ బడినీ ఒకే గాటన కట్టలేం. గని ఆగితే నష్టం దాన్ని నడిపిన జాన్ టేలర్ కంపెనీకి. బడి ఆగితే ఎవరికి? కర్ణాటకలో ముళబాగిలు దగ్గరి పల్లెలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదివే పిల్లను తలుచుకోండి. ఆ కన్నడ పాఠం ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. మధ్యాహ్నం అన్నం కూడా బడిలోనే. ప్రైవేటు బడి పిల్లకు ఈ రెండు నష్టాలూ ఉండవు. సమ్మె వద్దనేవాళ్ల మాటల్లో నన్ను ఆపేది ఇదొక్కటే.

కానీ నిషేధం ఆ పిల్లను కాపాడిందా? 2023 మార్చి 1న కర్ణాటక ప్రభుత్వోద్యోగులు, వాళ్లలో టీచర్లు, సమ్మెకు దిగారు. అదే రోజు ప్రభుత్వం 17 శాతం మధ్యంతర పెంపు ప్రకటించింది, సమ్మె ఆగింది. ఆ రోజు ఇవ్వగలిగింది నెల ముందు ఎందుకు ఇవ్వలేదు? హక్కు లేదన్న ధీమాతో సర్కారు చివరిదాకా నానుస్తుంది, ఆఖరికి బడి మూతపడితేనే దిగివస్తుంది.

కాబట్టి టీచర్లకు సమ్మె హక్కు ఇవ్వాలి, షరతులతో. ముందు నోటీసు, గడువులోగా తీర్పు చెప్పే ట్రిబ్యునల్, సమ్మె రోజుల్లోనూ పిల్లలకు భోజనం, పోయిన పాఠాలకు అదనపు తరగతులు. పరీక్షల నెల జోలికి పోకూడదు. 2023 సమ్మె డిమాండ్లు న్యాయమైనవే, కానీ మార్చిని ఎంచుకోవడాన్ని నేను సమర్థించలేను.