మూడో అధ్యాయం తెరిచి చూడండి

మొన్న ఆదివారం మా మేనల్లుడు విజయవాడ లెనిన్ సెంటర్ నుంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, పాత పుస్తకాల్లో బుయ్యా గారి క్లౌడ్ కంప్యూటింగ్ కనిపించింది. అట్ట నలిగింది గానీ లోపల బాగానే ఉంది. తీసుకోమంటావా?"

గవర్నర్‌పేటలో నిలబడి అడిగే ప్రశ్నల్లో ఇది తేలికైనది కాదు. ఫుట్‌పాత్ మీద పాత ఎడిషన్. నాలుగడుగులు వేసి ఏలూరు రోడ్డు ఎక్కితే కొత్త ఎడిషన్. దాని పక్కనే యూనిట్ల వారీగా జవాబులు వండి వార్చిన ఆల్ ఇన్ వన్. క్లౌడ్ మీద పుస్తకమంటే చేపల బజారు సరుకు, పొద్దుటిది సాయంత్రానికి పనికిరాదని కొందరంటారు. అందులో సగమే నిజం. మిగతా సగం కోసమే ఈ నాలుగు మాటలు.

పుస్తకం పేరు 'మాస్టరింగ్ క్లౌడ్ కంప్యూటింగ్'. రాజ్‌కుమార్ బుయ్యా, క్రిస్టియన్ వెక్కియోలా, ఎస్. తామరై సెల్వి కలిసి రాశారు. మొదటి కూర్పును 2013లో మెక్‌గ్రా హిల్ మన దేశంలో వేసింది. బుయ్యా మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో క్లౌడ్ పరిశోధనశాల నడుపుతున్న ఆచార్యుడు. మొత్తం పదకొండు అధ్యాయాలు. మొదటిది ఎవరైనా రాయగలిగేదే: 1969లో లియోనార్డ్ క్లైన్‌రాక్ కన్న కల, అమెరికా ప్రమాణాల సంస్థ ఇచ్చిన నిర్వచనం, మూడు రకాల సేవలు. కొనాలా వద్దా అని చూసేవాళ్లు అందరూ తిరగేసేది ఆ అధ్యాయాన్నే. అన్ని పుస్తకాల్లోనూ ఒకేలా ఉండేది కూడా అదే. కాబట్టి దాన్ని వదిలేసి మూడో అధ్యాయం తెరవమంటాను. అక్కడ వర్చువలైజేషన్ ఉంది. పనితనం తెలిసేది అక్కడే.

ఒకే యంత్రం మీద పది ఆపరేటింగ్ సిస్టమ్‌లు, దేనికది యంత్రమంతా తనదే అనుకుంటూ నడవాలి. వాటి మధ్య కూర్చుని పంపకం చేసేది హైపర్‌వైజర్. దాన్ని ఒప్పుకోవాలంటే ఏ లక్షణాలు ఉండాలో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే పరిశోధకులు 1974లోనే తేల్చారు. ఒకటి, లోపల నడిచే ప్రోగ్రాముకు అసలు యంత్రం మీద ఉన్నట్టే ఉండాలి. రెండు, వనరుల మీద పెత్తనం పూర్తిగా హైపర్‌వైజర్ చేతిలోనే ఉండాలి. మూడు, ఎక్కువ పని దాని జోక్యం లేకుండానే సాగిపోవాలి.

1855 నాటి కృష్ణా ఆనకట్ట నుంచీ కాలవ నీళ్లతో బతికిన డెల్టా వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. మనకు కాలవ తూములు చూసే లస్కరు ఉన్నాడు. నీళ్లు చేలోకి వచ్చాక అవి కాలవ నీళ్లే, తేడా ఉండకూడదు. తూము మీద చెయ్యి వేసే హక్కు లస్కరుకే గానీ రైతుకు లేదు. అలాగని బొట్టు బొట్టూ లస్కరు మోసుకొచ్చి పొయ్యడు, పారేది దానంతట అదే పారుతుంది. ఈ పోలిక నాది, పుస్తకంలో లేదు. అక్కడి ఇంగ్లీషు పొడిగా ఉంటుంది. ఉపమానం జోలికే పోరు.

అయితే కథ కట్టడం వాళ్లకు తెలుసు. ఆ మూడు లక్షణాలూ చెప్పి ఊరుకోరు. మనం రోజూ వాడే ఎక్స్86 ప్రాసెసర్ ఆ పరీక్షలో ఎక్కడ తప్పిందో చూపిస్తారు. యంత్రం స్థితిని తాకే సున్నితమైన ఆదేశాల్లో పదిహేడింటిని మామూలు ప్రోగ్రాములు కూడా వాడుకోగలిగేవి, హైపర్‌వైజర్‌కు కబురే అందేది కాదు. మన భాషలో దొంగ తూములన్నమాట. అక్కణ్ణించి మూడు దారులు విడదీస్తారు. ఆ ఆదేశాలు వాడొద్దు, నన్నే అడగమని ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్పించేది జెన్ దారి. ఎవరినీ మార్చకుండా, నడుస్తున్న కోడ్‌ను దొరికిన చోటల్లా దొరికినట్టు తిరగరాసేది వీఎంవేర్ దారి. చివరికి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్‌లోనే మరమ్మతు చేసి దొంగ తూములకు కాంక్రీటు పోశాయి.

ఇక్కడ అధ్యాయం అమరిక గమనించాలి. ముందు సిద్ధాంతం, తర్వాత అది విరిగిన చోటు, ఆ తర్వాతే సరుకుల పేర్లు. చాలా పుస్తకాలు దీన్ని తలకిందులుగా చేస్తాయి. జెన్ అంటే ఇది, వీఎంవేర్ అంటే అది అని రెండు గళ్ల పట్టిక వేసి ముగిస్తాయి. పట్టిక పరీక్ష దాకా గుర్తుంటుంది. పదిహేడు ఆదేశాల చిక్కు తెలిసినవాడు మాత్రం రెండు దారులు ఎందుకు పుట్టాయో ఎప్పుడడిగినా చెబుతాడు.

ఇదే పనితనం ఆరో అధ్యాయంలో ఇంకా బాగా కనిపిస్తుంది. పనిని రెండు రకాలుగా ముక్కలు చెయ్యొచ్చని చెప్పడానికి రెండే ఉదాహరణలు తీసుకున్నారు. మాత్రికల గుణకారంలో చేసే పని ఒకటే, డేటాను పంచుతారు. సైన్, కొసైన్, టాంజెంట్ కట్టి కూడే లెక్కలో డేటా ఒకటే, పనిని పంచుతారు. ఇంటర్మీడియట్ చదివినవాడికి లెక్క అర్థం కాకపోవడం ఉండదు, కాబట్టి వాడి దృష్టంతా విభజన మీదే ఉంటుంది. ముందు ఒకే కంప్యూటర్ మీద మామూలు థ్రెడ్లతో రాసి చూపించి, అదే ప్రోగ్రాము చాలా యంత్రాల మీదికి వెళ్లాలంటే ఏ వరుసలు మారతాయో పక్కన పెడతారు. వేలు పెట్టి చూపించినట్టు ఉంటుంది.

ఇక తగాదా. ఆ ప్రోగ్రాములన్నీ ఎనెకా అనే వేదిక కోసం సీ షార్ప్‌లో రాసినవి. ఎనెకా బుయ్యా బృందం సొంత పంట. ఐదు నుంచి ఎనిమిది దాకా నాలుగు అధ్యాయాలు దానికే పోయాయి. జావా, పైథాన్ నేర్చుకుని అమెజాన్ సర్టిఫికెట్ కోసం తిరిగే మన కుర్రాళ్లు ఆ పేరు చూసి మొహం చిట్లిస్తారు, తప్పు పట్టలేను. భద్రత సంగతి నాలుగో అధ్యాయం చివర, ఇంకా తేలని సమస్యల్లో ఒక చిన్న భాగంగా సర్దేశారు. అది నాకు మింగుడుపడలేదు. అధ్యాయాంత ప్రశ్నలు కూడా 'అనగానేమి' తరహావే. మూడో అధ్యాయం రాసిన చెయ్యి ఆ ప్రశ్నలు రాసిందంటే నమ్మబుద్ధి కాదు.

తొమ్మిదో అధ్యాయం మాత్రం నిజంగానే చేపల బజారు. అమెజాన్, గూగుల్ యాప్ ఇంజిన్, మైక్రోసాఫ్ట్ సేవల వివరాలు. అప్పటి విండోస్ అజ్యూర్ 2014లో పేరే మార్చుకుంది. పుస్తకం వచ్చిన ఏడే డాకర్ లోకానికి తెలిసింది, మరుసటేడు కుబర్నెటీస్, ఆ ఏడు చివర్లో అమెజాన్ లాంబ్డా. ఇవేవీ ఇందులో ఉండవు, ఉండే వీలూ లేదు. అంతెందుకు, ముంబైలో అమెజాన్ డేటా సెంటర్లు తెరిచిందే 2016లో, హైదరాబాద్‌లో 2022 నవంబరులో.

అందుకే 2024లో రెండో కూర్పు వచ్చింది. శివానంద పూజార, సతీశ్ నారాయణ శ్రీరామ రచయితల్లో చేరారు. శ్రీరామ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతారు. కంటైనర్లు, సర్వర్‌లెస్, ఫాగ్ కంప్యూటింగ్ వంటివి లోపలికి వచ్చాయి. కాకినాడ జేఎన్‌టీయూ ఆర్23 సిలబస్‌లో పాఠ్యపుస్తకంగా పెట్టింది ఈ కూర్పునే. కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీలు చాలా వరకు దాని కిందే ఉన్నాయి.

ఆ ఆదివారం సాయంత్రం లెనిన్ సెంటర్‌కు వెళ్లి మావాడి చేతిలోని పాత ప్రతి తిరగేశాను. మూడో అధ్యాయంలో ఎవరో పెన్సిల్‌తో గీతలు గీశారు. తొమ్మిదో అధ్యాయం పేజీలు తెల్లగా ఉన్నాయి. ఆ ముందటి యజమాని ఎవరో గాని చదవడం తెలిసినవాడు.

"పరీక్ష రాయాలి కాబట్టి రెండోది కొను, డబ్బులు నేనిస్తా" అన్నాను. ఆర్23 విద్యార్థులకు నా మాట అదే. ఉద్యోగంలో ఉంటూ క్లౌడ్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు పాత కూర్పు చాలు. రెండు, మూడు, ఆరు అధ్యాయాలు చదివి తొమ్మిదోది వదిలెయ్యండి. ఫుట్‌పాత్ ధరకు అంతకన్నా మంచి బేరం ఏలూరు రోడ్డు మీద దొరకదు. ఆ పెన్సిల్ గీతల ప్రతి ఇప్పుడు నా బల్ల మీదే ఉంది.