పట్టికలో చోటులేని బిడ్డ

ఉన్నత పాఠశాలలో అనువంశికతను బోధించునప్పుడు మనము నల్లబల్లపై ఒక చిన్న పట్టిక గీస్తాము. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోసోమే. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడశిశువు, వై ఇస్తే మగశిశువు. ఆడపిల్లను కన్నదని కోడలిని ఆడిపోసుకొనే ఇళ్లలో ఈ పాఠము చేసిన మేలు చిన్నది కాదు. అయినా పాఠమును అంతటితో ముగించుట సరికాదని నా విమర్శ.

కారణము చెప్తాను. కోడుమూరులో ఉపాధ్యాయ మిత్రుడొకరు ఈ పాఠము చెప్తూ ఉండగా ఒక బాలిక లేచి, "పుట్టిన బిడ్డ ఆడో మగో నర్సమ్మే చెప్పలేకపోతే, ఆ బిడ్డ ఈ పట్టికలో ఎక్కడుంటుంది సార్?" అని అడిగినదట. తరగతి నవ్వినది. ఆయన నవ్వలేదు గాని, జవాబు చెప్పలేకపోయినారు. మన పుస్తకములో ఆ జవాబు లేదు, శాస్త్రములో ఉన్నది.

గర్భములో మొదటి ఆరు వారాల వరకు పిండము అవయవములలో ఆడ, మగ భేదము ఏర్పడదు. తరువాత వై క్రోమోసోముపై ఉన్న ఎస్‌ఆర్‌వై అను జన్యువు పనిచేస్తే వృషణములు తయారవుతాయి. ఈ జన్యువును 1990లో గుర్తించారు. 1991లో దానిని ఎక్స్‌ఎక్స్ చుంచెలుక పిండములో చేర్చగా అది మగదిగా పెరిగినది. వృషణముల నుండి వెలువడే టెస్టోస్టిరోను మొదలైన హార్మోనులు తక్కిన అవయవములను తీర్చుతాయి. ఆ హార్మోనులను అందుకొనుటకు కణములలో గ్రాహకములు కూడ ఉండాలి. ఎమ్మిగనూరు మగ్గముపై పడుగు ఒక్కటే ఉంటే చీర కాదు. పేకా పడాలి, నేతా సాగాలి. లింగమూ అట్లే మెట్టుమెట్టుగా ఏర్పడుతుంది. ఏ మెట్టులోనైనా భేదము రావచ్చును.

ఎక్స్‌వై క్రోమోసోములు ఉండి, గ్రాహకము బొత్తిగా పనిచేయనిచో బిడ్డ ఆడపిల్లగానే పుట్టి పెరుగుతుంది. ఈడు వచ్చినా రజస్వల కాకపోవుటతో తరచు విషయము తెలుస్తుంది. ఎక్స్‌ఎక్స్ ఉండి, అధివృక్కగ్రంథిలో ఒక ఎంజైము లోపించినచో పురుషహార్మోనులు అధికమై, ఆడశిశువు జననాంగములు మగశిశువుకు ఉన్నట్లు కనిపించవచ్చును.

ఈ రెండవది రూపముతో ముగిసేది కాదు. తీవ్రమైనచో శరీరము ఉప్పును నిలుపుకొనలేదు. పుట్టిన కొద్ది వారాలలోనే వాంతులతో బిడ్డ ప్రాణము పోవచ్చును. సకాలములో గుర్తిస్తే మందులతో బ్రతుకుతుంది. ఇది ఎక్కడో దూరదేశపు వింత కాదు. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 శిశువులను పరీక్షించి 2004లో ప్రకటించిన ఫలితములలో ఇది సుమారు 2,575 మందిలో ఒకరికి కనిపించినది. సిగ్గుపడి బిడ్డను వైద్యుని వద్దకు తీసికొనిపోని ఇంటిలో ఏమి జరుగునో పాఠకులే ఊహింపగలరు.

మేనరికములను గూర్చి కూడ తొందరపాటు మాటలు వద్దు. పై ఎంజైము లోపము తల్లిదండ్రులిద్దరి నుండి రావలసిన అంతర్గత లక్షణము గనుక దగ్గరి సంబంధములలో దాని అవకాశము పెరుగుతుంది. గ్రాహక లోపమునకు సంబంధించిన జన్యువు ఎక్స్‌పై ఉన్నది. దానిని మేనరికమునకు అంటగట్టరాదు.

మన మాటలోనూ దోషమున్నది. సంతానశక్తి లేనివారిని, హిజ్రాలను, ఇట్టి శిశువులను కలిపి "నపుంసకులు" అంటున్నాము. ఒకటి సంతానమును గూర్చినది, ఒకటి తన్ను తాను ఆడగానో మగగానో ఎరుగుటను గూర్చినది, ఒకటి శరీరనిర్మాణమును గూర్చినది. మూడవదానిని "లింగవికాస భేదములు" అనుట మేలు.

2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు, ప్రాణాపాయము లేనప్పుడు ఇట్టి శిశువులకు లింగమును నిర్ణయించే శస్త్రచికిత్స చేయరాదని ఆదేశించినది. తమిళనాడు ప్రభుత్వము ఆ ఏడే అందుకు ఉత్తర్వు ఇచ్చినది. తన శరీరమును గూర్చిన నిర్ణయము ఎదిగిన తరువాత ఆ బిడ్డే చేసికొనవలెనని దీని భావము.

ఉపాధ్యాయ సోదరులారా, పట్టికను చెరిపివేయనక్కరలేదు. దాని క్రింద ఒక్క వాక్యము చేర్చండి: "ఇది సాధారణముగా జరిగేది, క్రోమోసోములు మొదటి మెట్టు మాత్రమే." అట్టి బిడ్డ మన తరగతిలోనే కూర్చుని ఉండవచ్చును. ఆ వాక్యము ఆ బిడ్డకు చాల అవసరము.