ముల్లు చూపిన మబ్బు

గడచిన మంగళవారము సాయంకాలము తార్నాక మీదుగా మా విద్యానగరమునకు ఉరుములతోడి వాన యొకటి వచ్చి, వీథిలోని దీపములన్నియు ఆరిపోగా, నా ముసలి ట్రాన్సిస్టరును ఒడిలో పెట్టుకొని హైదరాబాదు కేంద్రమును పట్టుటకు యత్నించుచుంటిని. ఇంజనీరింగు చదువుచున్న మా మనుమడు ప్రక్కన చేరి, "తాతా, ఆ గరగర ఎంతసేపు వింటవు? నీ రేడియోకు చుట్టాలైన బీకన్లను విమానాశ్రయాల్లో కూడా తీసేస్తున్నరు, తెలుసా?" అని నవ్వినాడు. రేడియోను ఒక మాటన్నచో నాకెంత కోపమో ఈ శీర్షిక చదువువారెల్లరు ఎరుగుదురు.

చుట్టరికము మాత్రము నిజము. 2008 మార్చిలో శంషాబాదు తెరచుటకు పూర్వము, బేగంపేటలో విమానములు దిగుచుండిన కాలమున, తార్నాకలో విశ్రాంత వైమానికుడొకరు ఉండెడివారు. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల ముందు నడచుచు ఆయన చెప్పిన ముచ్చట్లలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది ఇది: ఎన్‌డీబీ యను బీకను నలుదిక్కులకు సమముగా తరంగములను వెదజల్లును, విమానములోని ఏడీఎఫ్ యను యంత్రపు ముల్లు ఆ తరంగము వచ్చు దిక్కునకు తిరుగును, అంతే. ఆ యంత్రము మీడియం వేవును సైతము వినగలదు గనుక, 738 కిలోహెర్ట్జ్‌లపై వచ్చు మన ఆకాశవాణిని పెట్టుకొన్నను ముల్లు దాని ప్రసారస్తంభమువైపే తిరుగును. "మీరు ఇంట్లో కూర్చొని విన్న పాటను పట్టుకొనే మేము ఇల్లు చేరగలమండీ" అని ఆయన అన్ననాడు నేను పొందిన ఆనందమును ఈ శీర్షికలోనే ముమ్మారు వ్రాసితిని. నాలుగవసారి వ్రాయుటకే ఇప్పుడును కలము పట్టితిని.

కాని ఆ గరగరల నడుమ, ఆయన చెప్పియు నేను చెవిని పెట్టని ఉత్తరార్ధము జ్ఞప్తికి వచ్చినది. మెరుపు కూడ ఒక ప్రసారకేంద్రమే. నా చెవికి గరగరయై వినవచ్చునదే ఆ ముల్లును బీకను నుండి లాగి, ఏ మబ్బును తప్పించుకొనవలెనో ఆ మబ్బువైపే త్రిప్పును. రాత్రులందు అయనావరణమునుండి పరావర్తనము చెంది వచ్చు తరంగము మరియొక చిక్కు. రేడియో సిలోనును మా పెంకుటింటికి తెచ్చిపెట్టినదని నేను ఇన్నేండ్లుగా నమస్కరించినది ఆ అయనావరణమునకే!

విమానమును రన్‌వేపైకి దింపు ఐఎల్ఎస్ యను పద్ధతి మెరుపునకు అట్లు లొంగదు. రన్‌వే మధ్యరేఖకు ఒక ప్రక్క 90 హెర్ట్జ్‌ల స్వరము, మరియొక ప్రక్క 150 హెర్ట్జ్‌ల స్వరము హెచ్చుగా నుండును; రెండును సరితూగిన చోటే దారి. సుమారు 3 డిగ్రీల వాలును చూపు కిరణమునకును ఇదే లెక్క. మొదటి శ్రేణి పద్ధతిలో 200 అడుగుల ఎత్తుకు దిగియు నేల కానరానిచో మరల పైకి లేవవలసినదే. ఇందులో సంగీతము లేదని లోగడ ఎగతాళి చేసితిని. శ్రుతి కలుపుట సంగీతము కాదని అప్పుడు నాకెవరు చెప్పిరో!

ఇక ఉపగ్రహములతో విమానములకు దారి చూపు గగన్ సంగతి: 2022 ఏప్రిల్‌లో కిషన్‌గఢ్‌లో ఇండిగో వారి ఏటీఆర్ విమానము దాని సాయముతో దిగినది. అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణాగ్రము మీదుగా పోవుటచే ఇచ్చటి అయనావరణము మిక్కిలి చంచలమై ఉపగ్రహసంకేతములను ఆలస్యము చేయును. ఆ ఆలస్యమును గూర్చిన పరిశోధన ఉస్మానియాలోని నెర్టూ యను విభాగమున చిరకాలముగా సాగుచున్నది. ఆ ఆవరణలో ఇన్నేండ్లు నడచియు నేను పాటల ముచ్చట్లే వింటిని.

"ఇగ బందు చేయనా?" అన్నాడు మనుమడు. ఉండనిమ్మని, ట్రాన్సిస్టరును మెల్లగా త్రిప్పితిని. దాని కొన మల్కాజిగిరివైపు నిలిచినప్పుడు గరగర సన్నగిల్లినది. లోపలి ఫెర్రైటు కడ్డీ మొన ఎటు చూచునో అటునుండి వచ్చు శబ్దమే దానికి వినబడదని వాడే చెప్పినాడు. కిటికీ తెరచి చూచితిమి. మెరుపు అటే మెరసినది.